గోతాలు కుట్టే ఎంజైమ్

నెయ్యి మానేసి చాలాకాలమైంది, అన్నం మాత్రం మూడు పూటలా తింటున్నాను, పొట్ట ఎందుకు తగ్గదు అని అమలాపురం దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు అడిగారు. నెయ్యి మానినా కూరలో నూనె, పచ్చడిలో కొబ్బరి మానలేదు కదా అంటే సగం జవాబు అయిపోతుంది. మిగతా సగంలోనే అసలు రుచి ఉంది.

దాళ్వా ధాన్యం కొనుగోళ్ల వేళ డెల్టాలో తరచూ వినిపించే మాట ఒకటుంది: గోతాలు లేవు. పంట చేతికొచ్చింది, గిడ్డంగి ఖాళీగా ఉంది. అయినా గోతాలు అందక ధాన్యం కళ్లంలోనే రాశిపోసి ఉంటుంది. మబ్బు పట్టిందంటే రైతు గుండెలో రాయి పడుతుంది. కొవ్వు కణానిదీ అచ్చం ఇదే అవస్థ. దాని ధాన్యం ఫ్యాటీ ఆమ్లాలు, గోతం గ్లిసరాల్. ఒక్కో గ్లిసరాల్‌కు మూడు ఫ్యాటీ ఆమ్లాలు చేరితే ట్రైగ్లిజరైడ్. మనం కొవ్వు అనేది దాన్నే. గోతం దొరకని ఫ్యాటీ ఆమ్లాలు విడిగా పోగుపడితే కణపు పొరలకే చేటు.

రక్తంలో కొవ్వు గోతాలతోనే వస్తుంది గానీ గోతం గుమ్మం దాటదు. కేశనాళిక గోడనంటి ఉండే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ దాన్ని బయటే విప్పేస్తుంది. ధాన్యం లోపలికి పోతుంది, ఖాళీ గోతం రక్తంలో కొట్టుకుపోయి ఎక్కువగా కాలేయానికి చేరుతుంది. లోపల మళ్లీ గోతాలకెత్తాలి. పాతవి పనికిరావు. ఎందుకంటే వాడిన గ్లిసరాల్‌ను తిరిగి వాడకానికి తెచ్చే గ్లిసరాల్ కైనేజ్ కాలేయంలో పుష్కలం, కొవ్వు కణంలో మాత్రం దాదాపు లేనట్టే. కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త గోతం కుట్టుకోవాల్సిందే. దానికి జనపనార గ్లూకోజ్, అంటే మనం తిన్న అన్నం!

గ్లూకోజ్ విరిగే దారిలో డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్ అనే మూడు కర్బనాల అణువు పుడుతుంది. దాన్ని గ్లిసరాల్-3-ఫాస్ఫేట్‌గా, అంటే వాడకానికి సిద్ధమైన కొత్త గోతంగా, మార్చేది గ్లిసరాల్-3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్. నోరు తిరగని పేరు కనుక జీపీడీహెచ్ అందాం. మన కుట్టు మిషను ఇదే. పైగా అన్నం తిన్నాక పెరిగే ఇన్సులిన్ కొవ్వు కణజాలంలో గుమ్మం దగ్గర గోతాలు విప్పే లైపేజ్‌ను పెంచుతుంది, గ్లూకోజ్‌ను లోపలికి రప్పిస్తుంది, నిలవ గోతాలు విప్పే ఎంజైముల చేతులు కట్టేస్తుంది. అలాగని అన్నం మానేస్తే కుట్టు ఆగిపోతుందని కాదు. ఉపవాసంలో పైరువేట్ అనే మరో చిన్న అణువు నుంచి కూడా కణం కొన్ని గోతాలు కుట్టుకోగలదు.

ఈ మిషను కణానికి పుట్టుకతో రాదు. అది ప్రయోగశాలలో చూడొచ్చు. శస్త్రచికిత్సలో తీసిన కొవ్వును కణాలను పట్టి ఉంచే పీచును కోసే కొలాజినేజ్ ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర నానబెట్టి సెంట్రిఫ్యూజులో తిప్పితే నిండు కణాలు పైకి తేలతాయి, ఇంకా కొవ్వు పట్టనివి అడుగున చేరతాయి. నిండు కణాలను ఇలా విడదీసే దారి 1964లో శాస్త్రవేత్త మార్టిన్ రాడ్‌బెల్ ఎలుక కొవ్వు మీద చూపించారు. అడుగున చేరిన వాటిలోని పూర్వ కణాలను, అంటే ఇంకా కొవ్వు కణాలుగా మారని వాటిని, పెంచి ఇన్సులిన్, డెక్సామెథాసోన్, ఐబీఎంఎక్స్, రోసిగ్లిటజోన్ అనే రసాయనాలు ఇస్తే సీఈబీపీ బీటా, డెల్టా అనే, జన్యువులను నడిపే ప్రొటీన్లు మేల్కొంటాయి. అవి అలాంటివే అయిన పీపార్ గామాను, సీఈబీపీ ఆల్ఫాను లేపుతాయి. ఆ రెండూ ఎంజైముల జన్యువులను తెరుస్తాయి. లైపేజ్ ముందే కనిపిస్తుంది, జీపీడీహెచ్ ఆలస్యంగా, కానీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. సుమారు రెండు వారాలకు కణం నిండా మెరిసే బొట్లు. అన్నట్టు, ఈ డెక్సామెథాసోన్ స్టెరాయిడే. కీళ్లనొప్పులకని ఎవరో ఇచ్చిన పొట్లంలోని మాత్రలు మింగి, ముఖం నిండుగా వచ్చిందని మురిసిపోయేవారు ఆ పొట్లంలో ఏముందో ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి.

బడిలో ఎంజైమ్ అనగానే తాళం, తాళంచెవి బొమ్మ గీయించి మార్కులు వేస్తారు. ఎంజైమ్ పనిచేస్తోందని ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పరు. జీపీడీహెచ్ విషయంలో అది కళ్లముందే జరుగుతుంది. కణాలను చిదిమి, డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్, ఈ మార్పుకు తోడ్పడే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కలిపి, 340 నానోమీటర్ల కాంతి పంపాలి. ఎన్‌ఏడీహెచ్ ఆ కాంతిని పీలుస్తుంది. ఎంజైమ్ దాన్ని ఖర్చు చేసేకొద్దీ పీల్చేది తగ్గుతుంది. ఆ తగ్గే వేగమే మిషను వేగం. పీల్చే కాంతిని గ్రాఫుగా గీస్తే పూర్వ కణాల్లో గీత దాదాపు అడ్డంగా సాగుతుంది. ముదిరిన కణాల్లో జారిపోతుంది.

పొద్దున్నే వేడినీళ్లలో తేనె కలుపుకుంటే కొవ్వు కరుగుతుందా అని కూడా ఆ పాఠకుడు అడిగారు. ఒంటి వేడికి కణంలోని కొవ్వు ఎప్పుడో కరిగే ఉంది, అది నూనె బొట్టే. తగ్గించాలంటే విప్పి ఖర్చు చేయాలి.

అలా ఖర్చు చేసినా గిడ్డంగులు, అంటే కొవ్వు కణాలు, కూలవు. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా కణాల వయసు లెక్కగట్టిన స్వీడన్ పరిశోధకులు 2008లో తేల్చినదిది: కొవ్వు కణాల సంఖ్య బాల్యంలో, కౌమారంలో స్థిరపడుతుంది, పెద్దయ్యాక ఏటా సుమారు 10 శాతం చచ్చి, అన్నే కొత్తవి వస్తాయి. బొద్దు పిల్లకు దిష్టి చుక్క పెట్టే వయసు నుంచే ఆ లెక్క మొదలవుతుందన్నమాట. సన్నబడినవారిలో కణాలు చిన్నవవుతాయి, సంఖ్య మాత్రం దాదాపు అంతే ఉంటుంది.