ముందు చురుక్కు, తర్వాత మంట

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. దోసె తిరగేస్తుంటే ఆమె వేలు పెనం అంచుకు తగిలింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. వచ్చేశాక చురుక్కుమంది. పోనీలే, పెద్దగా కాలలేదు అనుకునేలోపే అసలు మంట మొదలైంది. తగిలింది ఒక్కసారే కదా, నొప్పి రెండు విడతలుగా ఎందుకొచ్చింది?

భలే ప్రశ్న. నాడీకణం బొమ్మ గీసి భాగాలు గుర్తించడం ఇంటర్ పిల్లలకే వదిలేసి, నేరుగా ఆక్సాన్ దగ్గరికి పోదాం. అంటే కణం నుంచి బయల్దేరే పొడవాటి పోగు. పొడవాటిదని ఊరికే అనలేదు. నడుము దగ్గర్నుంచి కాలి బొటనవేలి దాకా ఒకే కణం పోగు మీటరు పొడవుంటుంది.

బళ్ళో ఇక్కడే ఒక తప్పు నేర్పుతారు. నరం కరెంటు తీగ లాంటిదంటారు. తీగే అయితే కబురు కళ్ళు మూసి తెరిచేలోగా కాదు, అంతకన్నా ముందే చేరిపోవాలి. 19వ శతాబ్దంలో జర్మనీ శరీరధర్మ శాస్త్రవేత్త యొహానెస్ ముల్లర్ అంతటివాడు కూడా నరంలో వేగాన్ని కొలవడం మన వల్ల కాదన్నాడు. ఆయన శిష్యుడే హెల్మ్‌హోల్ట్స్, 1850లో కప్ప కాలితో కొలిచి చూపించాడు. నరానికి కండరం దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి చిన్న షాకిచ్చి, కండరం ముడుచుకోవడంలో ఎంత ఆలస్యమైందో చూశాడు. సెకనుకు 27 మీటర్ల దగ్గర తేలింది. కరెంటుతో పోలిస్తే నత్తనడకే.

దీపావళికి బేగంబజార్‌లో కొనుక్కొచ్చే టపాకాయల లడీ ఉంది చూశారా, ఆక్సాన్ అచ్చం దాని తంతే. మనం అగ్గిపుల్ల గీసేది ఒక కొసనే. ఆ పుల్ల బలంతో చివరి టపాకాయ పేలదు. ప్రతి టపాకాయలోనూ దాని మందు దానికుంది. పక్కది పేలితే చాలు, ఇది అంటుకుంటుంది. అందుకే వెయ్యో టపాకాయ కూడా మొదటిదంత గట్టిగానే పేలుతుంది, చప్పుడు దారిలో ఎక్కడా తగ్గదు. సగం పేలడమన్నదీ లేదు. పేలితే పూర్తిగా, లేకపోతే తుస్సు. ఒకసారి కాలిన వైపు మళ్ళీ నిప్పు తిరగదు కాబట్టి ముందుకే పోతుంది. ఆక్సాన్‌లో ఈ లక్షణాలన్నీ ఉన్నాయి.

మరి మందేది? ఉప్పు. ఆక్సాన్ బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. మధ్యలో 5 నానోమీటర్ల పొర. ఆ పొరకు అటూ ఇటూ 70 మిల్లీవోల్టుల తేడా, లోపలివైపు మైనస్. ఈ 'మైనస్ 70' బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళెవరూ దాన్ని 5 నానోమీటర్లతో భాగించి చూసి ఉండరు. చూడండి: మీటరుకు కోటీ నలభై లక్షల వోల్టులు! గాలిలో మెరుపు పుట్టడానికి మీటరుకు 30 లక్షలు చాలు. అంతకు నాలుగు రెట్ల పైనే విద్యుత్ ఒత్తిడిని మన ఒంట్లో ప్రతి నాడీకణం చప్పుడు లేకుండా మోస్తోంది.

ఆ పొరలో సోడియానికి వాకిళ్ళున్నాయి. పొర మీద వోల్టేజి కాస్త తగ్గితే అవి తెరుచుకుంటాయి, సోడియం లోపలికి ఎగబడుతుంది, లోపలివైపు ప్లస్ అవుతుంది. ఆ మార్పు సోకి పక్క వాకిళ్ళు తెరుచుకుంటాయి. ముందు తెరుచుకున్నవేమో మూసుకుపోయి, ఒక మిల్లీసెకను పాటు ఎంత తట్టినా తెరుచుకోవు. ఈలోగా పొటాషియం బయటికి పోయి పాత స్థితి తెస్తుంది. ఇంగ్లండు శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఇదంతా స్క్విడ్ అనే సముద్ర జీవి ఆక్సాన్ మీద తేల్చి, 1952లో సమీకరణాలతో సహా అచ్చు వేశారు. 1963లో నోబెల్ వచ్చింది. ఇంకో లెక్క. ఒక్కో పేలుడుకు చదరపు మైక్రోమీటరు పొర మీద వోల్టేజి తిరగబడాలంటే దాదాపు 6,000 అయాన్లు దాటితే సరిపోతుంది. ఉన్నదాంతో పోలిస్తే చిటికెడు. కాబట్టి మందు అయిపోదు. ఆ కాస్త లెక్కనూ పొరలోనే ఉన్న పంపులు సరిచేస్తుంటాయి. విడతకు మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి. లడీ కంటే నరం గొప్పతనం ఇక్కడే ఉంది: రెండు మిల్లీసెకన్లలో మళ్ళీ పేలడానికి సిద్ధం.

లడీని మధ్యలో అంటిస్తే? రెండు వైపులా పేలుతుంది. నరమూ అంతే. మోచేయి తలుపుకు కొట్టుకున్నప్పుడు జిల్లుమనేది మోచేతిలో కాదు, చిటికెన వేలిలో. ఆ వేలి నుంచి వచ్చే నరాన్ని మధ్యలో అంటించాం. మెదడుకేమో కబురు ఆ కొస నుంచే వచ్చిందని లెక్క. న్యూరాలజీ వాళ్ళు చేసే నరాల పరీక్షలో చిన్న షాకులిచ్చేదీ ఇలాగే, నరం మీద రెండు చోట్ల. దూరాన్ని కాల వ్యత్యాసంతో భాగిస్తారు. హెల్మ్‌హోల్ట్స్ కప్పకు చేసిందే మనకు చేస్తారన్నమాట.

మెదడులో లెక్కలేనన్ని లడీలు అదుపు తప్పి ఒక్కసారిగా పేలితే అది ఫిట్స్. చేతిలో తాళాలగుత్తి పెట్టడం ఇప్పటికీ బస్టాపుల్లో చూస్తూనే ఉన్నాం. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, పేరు ఇనుముకొస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలి.

సరే, దోసె పెనం. వేగం పెంచడానికి ఆక్సాన్‌ను లావు చెయ్యడం ఒక దారి. స్క్విడ్ అదే చేసింది. అర మిల్లీమీటరు లావుకు సెకనుకు 25 మీటర్లు. కానీ తొడుగు లేని పోగులో వేగం నాలుగింతలు కావాలంటే లావు పదహారింతలు కావాలి, అంటే 8 మిల్లీమీటర్లు. అలాంటివి వేలల్లో ఉంటే వెన్నుపాము ఒంట్లో పట్టదు. మన ఒళ్ళు రెండో దారి పట్టింది. పోగు చుట్టూ కొవ్వుతో మైలిన్ తొడుగు చుట్టి, మిల్లీమీటరుకో మరికాస్త ఎడంగానో మైక్రోమీటరు సందు వదిలింది. ఇవే రాన్వియర్ కణుపులు. వాకిళ్ళు దాదాపు అన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. వెయ్యి టపాకాయలు వరసగా పేలే బదులు, దూరదూరంగా కట్టిన కొన్ని మాత్రమే పేలుతూ పోతాయి. మిల్లీమీటర్ల మందం అక్కర్లేదు, పది పదిహేను మైక్రోమీటర్ల పోగుతోనే సెకనుకు 60 మీటర్లు దాటుతుంది.

నొప్పికి రెండు రకాల పోగులున్నాయి. పల్చటి మైలిన్ ఉన్న ఎ-డెల్టా పోగుల వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. మైలిన్ లేని సి పోగులది అర నుంచి రెండు మీటర్లు. వేలి కొస నుంచి వెన్నుపాము దాకా మీటరుకు కాస్త తక్కువ. మొదటి కబురు సెకనులో ఐదో వంతులోపే వెన్నుపాముకు చేరింది. వెన్నుపాము మెదడును అడగకుండానే చెయ్యి లాగేసింది, కబురు పైకి వెళ్ళాక చురుక్కుమని తెలిసింది. రెండోది తీరిగ్గా, ఒక సెకను వెనకాల వచ్చింది. అదే మంట.

పన్ను పీకేముందు ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఈ సోడియం వాకిళ్ళలోనే ఇరుక్కుని కూర్చుంటుంది. నొప్పి మోసే సన్నటి పోగులు దానికి ముందు లొంగుతాయి, ఒత్తిడిని మోసే లావు పోగులు అంత త్వరగా లొంగవు. డాక్టరు పన్ను పట్టుకుని ఊపుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తూ నొప్పి మాత్రం తెలియకపోవడానికి కారణమదే.