మెదడు కణాల్లో పెరిగే లెక్క

తండ్రికి యాభై ఏళ్లు దాటాక బయటపడిన హంటింగ్టన్ వ్యాధి, అదే జన్యుదోషం పొందిన కొడుకుకు ఇరవై ఏళ్లకే ఎందుకు రావాలని ఒక పాఠకుడు అడిగారు. వంశపారంపర్య నాడీవ్యాధుల గురించి ఇంతకంటే పదునైన ప్రశ్న వేయడం కష్టం. దీనికి దొరికిన జవాబులో పెద్ద భాగం నాన్సీ వెక్స్‌లర్ అనే అమెరికన్ పరిశోధకురాలు వెనిజులాలో సేకరించిన రక్తపు నమూనాల నుంచి మొదలైంది కనుక, అక్కడి నుంచే చెప్పుకొస్తాను.

హంటింగ్టన్ వ్యాధిలో కాళ్లూ చేతులూ అదుపు తప్పి కదులుతాయి, స్వభావం మారుతుంది, ఆలోచన మందగిస్తుంది, చివరికి మనిషి మంచాన పడతాడు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. ఈ సంగతిని 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే యువ వైద్యుడు స్పష్టంగా రాశాడు. తాతా తండ్రీ కూడా అదే ఊళ్లో వైద్యులు కావడంతో మూడు తరాల రోగుల వివరాలు ఆయనకు అందుబాటులో ఉన్నాయి.

వెక్స్‌లర్ చదివింది మనస్తత్వశాస్త్రం. 1968లో ఆమె తల్లికి ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. అంటే తనకూ ఉండే అవకాశం సగం. తండ్రి మిల్టన్ వెక్స్‌లర్ ఆ ఏడే వంశపారంపర్య వ్యాధుల పరిశోధన కోసం ఒక ఫౌండేషన్‌ను స్థాపించారు. వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డు పల్లెల్లో ఈ వ్యాధి అసాధారణంగా ఎక్కువగా ఉందని అక్కడి వైద్యుడు అమెరికో నెగ్రెటే 1950లలోనే గుర్తించారు. 1979లో వెక్స్‌లర్ అక్కడికి వెళ్లారు, ఆ తర్వాత ఏటా బృందంతో వెళ్లి రక్తం సేకరించారు, వంశవృక్షాలు గీశారు. పద్దెనిమిది వేల మందికి పైగా ఎక్కిన ఆ వంశవృక్షం వైద్యచరిత్రలోనే అరుదైనది. రక్తం ఇవ్వడానికి పల్లెవాసులు సందేహించినప్పుడు, తన కుటుంబంలోనూ ఇదే జబ్బు ఉందని చెప్పి, పరీక్ష కోసం చర్మం తీయించుకున్న మచ్చను ఆమె తన చేతి మీద చూపించేవారు. ఇలాంటి జబ్బును శాపమనో పూర్వజన్మ ఫలమనో అనుకుని దాచిపెట్టే అలవాటు మనకూ కొత్త కాదు. దాచిపెట్టిన వంశవృక్షంతో ఏ శాస్త్రవేత్తా ఏమీ చేయలేడు.

ఆ నమూనాల సాయంతో జేమ్స్ గుసెల్లా బృందం 1983లో ఈ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని తేల్చింది. అది ఏ పేటలో ఉందో తెలిసింది గానీ ఏ ఇంట్లో ఉందో తెలుసుకోవడానికి ఆరు బృందాలకు ఇంకో పదేళ్లు పట్టింది. 1993లో దొరికిన దోషం ఏ అక్షరం తారుమారు కావడమో, లోపించడమో కాదు, డీఎన్‌ఏలో సీఏజీ అనే మూడక్షరాల మాట ఒకదాని వెంట ఒకటిగా మరీ ఎక్కువసార్లు ఉండడం. ఇరవై ఆరుసార్ల వరకు ఉంటే భయం లేదు. నలభై, ఆపైన ఉంటే, తగినంతకాలం బతికినవారికి జబ్బు వచ్చి తీరుతుంది. అరవై దాటితే బాల్యంలోనో కౌమారంలోనో మొదలవుతుంది. ఒక్కో సీఏజీ ప్రొటీనులో గ్లుటమిన్ అనే ఒక్కో అమైనో ఆమ్లంగా మారుతుంది కనుక, గ్లుటమిన్ల తోక పొడవైన ప్రొటీనే నాడీకణాలను చంపుతోందని చాలాకాలం అందరూ నమ్మారు.

ఇక్కడ రామకోటి రాసేవారిని తలచుకోండి. శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ అంటూ ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి ఎత్తిరాస్తున్నప్పుడు వరుసలో ఎక్కడున్నామో కన్ను మరిచిపోతుంది, ఒక నామం అదనంగా పడుతుంది. వరుస ఎంత పొడవైతే తప్పు అంత తేలిక. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు డీఎన్‌ఏను ఎత్తిరాయడంలో ఇలాంటి పొరపాటు పెద్ద ఎత్తున జరగవచ్చు. బాల్యంలోనే జబ్బు మొదలైనవారిలో ఎక్కువమందికి అది తండ్రి నుంచే రావడానికి కారణం అదే. అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇది: కొడుకుకు అందింది తండ్రి దగ్గరున్న సంఖ్య కాదు, అంతకంటే పెద్దది.

అయితే నాడీకణాలు విభజన చెందవు, అక్కడ ఎత్తిరాత అనేదే లేదు. అయినా మెదడులో ఈ వరుస జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. డీఎన్‌ఏ రెండు పోగులూ పని కోసం విడిపోయి మళ్లీ కలిసేటప్పుడు, అంతా ఒకేలా ఉన్న వరుసలో జత తప్పి ఒక పోగు మీద చిన్న ఉబ్బు మిగులుతుంది. దాన్ని ఎంఎస్‌హెచ్3 అనే ప్రొటీను పట్టుకుంటుంది, ఎంఎల్‌హెచ్1 ఉన్న కత్తెర ఎదుటి పోగును కోస్తుంది, ఆ ఖాళీని కణం ఉబ్బును చూసి పూరిస్తుంది. రెండు పుస్తకాలను సరిపోల్చే దిద్దుబాటుదారు ఒకదానిలో అదనంగా ఉన్న నామాన్ని కొట్టేయకుండా, రెండోదానిలోనూ అది చేర్చి లెక్క సరిపోయిందన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఫ్యాన్1 అనే ఇంకో ప్రొటీను ఆ అదనపు నామాన్ని కొట్టించే ప్రయత్నం చేస్తుంది. వేలమంది రోగుల జన్యువులను పోల్చినప్పుడు, జబ్బు మొదలయ్యే వయసును ముందుకో వెనక్కో జరిపేవిగా బయటపడినవి చాలావరకు ఈ మరమ్మతు జన్యువులే.

2019లో దొరికిన రుజువు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సాధారణంగా ఈ వరుసలో చివరి నుంచి రెండో మాట సీఏజీ కాదు, సీఏఏ. దానికీ గ్లుటమినే అర్థం. శ్రీరామను ఒక్కచోట శ్రీ రామ అని విడదీసి రాసినట్టు, చదువుకు తేడా లేదు, కంటికి మాత్రం అదొక గుర్తు. కొందరిలో ఆ సీఏఏ కూడా సీఏజీగా మారిపోయి ఉంటుంది. వారి ప్రొటీనులో గ్లుటమిన్ల సంఖ్య మారదు, కానీ జబ్బు అనుకున్నదానికంటే ముందే వస్తుంది. ఎప్పుడు మొదలవుతుందో నిర్ణయించేది ప్రొటీను తోక పొడవు కాదు, డీఎన్‌ఏలో ఎడతెగని సీఏజీ వరుస పొడవు.

2025లో స్టీవెన్ మెకరోల్ తదితరులు మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్‌లోని కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, నలభై చిల్లరతో మొదలైన వరుస దశాబ్దాల పాటు నెమ్మదిగా పెరుగుతుందని, ఎనభై దాటాక వేగం అందుకుంటుందని, నూట యాభై దాటేదాకా కణం దాదాపు మామూలుగానే పనిచేస్తుందని ప్రకటించారు. రక్తపరీక్షలో తెలిసే సంఖ్య పుట్టుకతో వచ్చిన పెట్టుబడి మాత్రమే. దానిమీద వడ్డీ మెదడులో పెరుగుతుంది. బడిలో బఠాణీ మొక్కలతో నేర్పే మెండెల్ పాఠంలో జన్యువు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు; జీవితకాలంలోనే మారిపోయే జన్యువుకు అందులో చోటు లేదు. పిల్లలకు దీన్ని బహిర్గత లక్షణానికి ఉదాహరణగా చెప్పి వదిలేయడం అందుకే నాకు నచ్చదు.

ఈ జన్యుదోషాన్ని పట్టే రక్తపరీక్షకు దారి వేసిన వెక్స్‌లర్ తన సంగతిని ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. తనకూ ఈ వ్యాధి ఉందని 2020లో, 74 ఏళ్ల వయసులో చెప్పారు. మరుసటి ఏడాది, ప్రొటీను ఉత్పత్తిని తగ్గించే టోమినర్సెన్ మందు మీద పెద్ద ప్రయోగం ఆగిపోయింది. ఇప్పుడు చాలామంది చూపు వరుస పెరగకుండా ఆపడం మీద ఉంది. ఎంఎల్‌హెచ్1 జోలికి వెళ్లలేరు, దానిలో లోపం పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఎంఎస్‌హెచ్3 కొంత సురక్షితం, అయినా దాని రెండు ప్రతులూ చెడినవారిలో పేగులో కణుతులు కనిపించాయి కనుక, పూర్తిగా ఆర్పకుండా, మెదడు వరకే, కొంతమేర తగ్గించే పద్ధతి కోసం వెతుకుతున్నారు.