నాలుగు టైల్స్ కలిసే చోట

చెన్నైలో కొత్తగా ఫ్లాట్ కొన్న తెలుగు కుటుంబాలు టైల్స్ దుకాణానికి వెళ్లినప్పుడు జరిగే తంతు దాదాపు ఒకేలా ఉంటుంది. దుకాణదారు చట్రాల్లోంచి ఒక్కో టైల్‌నూ బయటికి లాగి చూపిస్తాడు. ఇంటిల్లిపాదికీ ఒకటి నచ్చుతుంది. హాలుకు అదే వేయిద్దామని అక్కడికక్కడే తేల్చేస్తారు. తీరా నేలంతా పరిచాక, దుకాణంలో చూసింది ఇదేనా అని సందేహం మొదలవుతుంది. ఇందులో దుకాణదారు తప్పేమీ లేదు. ఒక టైల్ మీది బొమ్మ వేరు, ఆ టైల్ వందలసార్లు పక్కపక్కన చేరినప్పుడు పుట్టే బొమ్మ వేరు. ఈ రెండో బొమ్మకు సొంత నియమాలున్నాయి. వాటిలో కొన్ని గణితానికి చెందినవి, కొన్ని మన కంటికి చెందినవి, మరికొన్ని సిమెంటుకూ కాల్చిన మట్టికీ చెందినవి. అందుకే టైల్ ఎంచుకునేవారు దాని మధ్యలోని పువ్వును చూసి మురిసిపోయే ముందు అంచులనూ మూలలనూ చూడాలంటాను.

చెట్టినాడు ఇళ్లలోని ఆత్తంగుడి టైల్స్ ఈ సంగతిని బాగా చూపిస్తాయి. ఆత్తంగుడి తమిళనాడులో కారైకుడి దగ్గరి ఊరు. ఈ టైల్స్‌ను బట్టీలో కాల్చరు. ఒక గాజు పలక మీద లోహపు చట్రం పెట్టి, లోపల డిజైన్ గడులున్న అచ్చు ఉంచుతారు. ఒక్కో గడిలో ఒక్కో రంగు సిమెంటు ద్రవాన్ని గరిటెతో పోస్తారు. అచ్చును పైకి తీసేసినా చిక్కటి రంగులు ఎక్కడివక్కడే నిలుస్తాయి. వాటి మీద పొడి సిమెంటు, ఇసుక చల్లి, ఆపైన తడి సిమెంటు వేసి చదును చేస్తారు. గట్టిపడ్డాక నీళ్లలో నానబెడతారు. చివరికి గాజు ఊడి వస్తుంది. గాజుకు అంటుకుని ఉన్న ముఖం గాజంత నునుపుగా మెరుస్తుంది.

ఆ టైల్‌ను ఒక్కదాన్నే చేతిలోకి తీసుకుంటే చాలా డిజైన్లు అసంపూర్తిగా కనిపిస్తాయి. మూలన పావు వృత్తం, అంచున సగం ఆకు, ఎటో వెళ్లిపోతున్న తీగ. నాలుగింటిని కలిపి పెట్టగానే పావు వృత్తాలు నిండు చక్రమవుతాయి, సగం ఆకులు జత కడతాయి. అసలు బొమ్మ టైల్స్ కలిసే చోట ఉంది. ఒంటరిగా అందంగా కనిపించి, పక్కదానితో ఏ సంబంధమూ పెట్టుకోని టైల్ నేల మీద గళ్లు గళ్లుగా, ముక్కలు ముక్కలుగా మిగిలిపోతుంది.

ఈ కలయికల్లో ఎంత వైవిధ్యం దాగి ఉందో 1704లోనే సెబాస్టియన్ ట్రూషే అనే ఫ్రెంచి మతగురువు లెక్కగట్టి చూపించాడు. ఆయన తీసుకున్న టైల్ చాలా సాదాది. ఒక చతురస్రం, దాన్ని ఐమూలగా చీల్చే గీత, ఒక సగం తెలుపు, ఇంకో సగం నలుపు. దీన్ని నాలుగు విధాలుగా తిప్పి పెట్టవచ్చు. కనుక నాలుగు టైల్స్‌ను రెండేసి వరుసల్లో 256 రకాలుగా అమర్చవచ్చు. పదేసి టైల్స్ పది వరుసలైతే ఆ సంఖ్య 61 అంకెలకు చేరుతుంది! టైల్ ఒక్కటే, డబ్బా ఒక్కటే. మేస్త్రీ ఎటు తిప్పి పెడతాడన్నదే తేడా. తిప్పే తీరు కాగితం మీద గీసి ఇవ్వకపోతే, మీ హాలులో ఏ డిజైన్ రావాలన్నది పని చేసే రోజు పొద్దున మేస్త్రీయే నిర్ణయిస్తాడు.

ఆకారాల విషయంలో మాత్రం ప్రకృతి మనకు ఎక్కువ అవకాశం ఇవ్వలేదు. భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఒకే రకం టైల్‌తో, మూలకు మూల కలిసేలా, సందు లేకుండా నేలను కప్పాలంటే మూడే ఆకారాలు పనికొస్తాయి: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. కారణం చిన్నదే. మూలలు కలిసే చోట కోణాల మొత్తం 360 డిగ్రీలు కావాలి. పంచభుజి కోణం 108 డిగ్రీలు. మూడు పెడితే 36 డిగ్రీల సందు మిగులుతుంది, నాలుగోది పట్టదు. ఈ మూడింటిలో షడ్భుజికి ఒక ప్రత్యేకత ఉంది. వైశాల్యం సమానమైతే చతురస్రం కంటే దాని చుట్టుకొలత సుమారు 7 శాతం తక్కువ. అంటే టైల్స్ మధ్య గ్రౌట్ (సందులు పూడ్చే మిశ్రమం) నింపే పొడవూ అంతే తగ్గుతుంది. తేనెటీగలు ఎంచుకున్నదీ ఈ ఆకారాన్నే. కాకపోతే గోడ అంచుల్లో కోతలు పెరుగుతాయి, ముక్కలు వృథా అవుతాయి.

ఆకారం ఏదైనా, రెండు దిక్కుల్లోనూ తిరిగి తిరిగి వచ్చే డిజైన్లన్నింటినీ సౌష్ఠవాన్ని బట్టి, అంటే ఎలా జరిపినా, తిప్పినా, అద్దంలో చూసినా బొమ్మ మారకుండా ఉంటుందో దాన్ని బట్టి విడదీస్తే సరిగ్గా 17 రకాలే వస్తాయి. 1891లో రష్యాకు చెందిన స్ఫటిక శాస్త్రవేత్త ఫ్యోదొరోవ్ దీన్ని నిరూపించాడు. 1924లో గణితవేత్త జార్జ్ పోల్యా మళ్లీ స్వతంత్రంగా అక్కడికే చేరాడు. రంగులు మార్చండి, పువ్వు బదులు నెమలి పెట్టండి, మీ గోడ ఆ 17లో ఒక ఇంట్లోనే ఉంటుంది.

ఈ ఆలోచన మన వాకిట్లోనూ ఉంది. చుక్కల ముగ్గు వేసేవారు నాలుగైదు చిన్న మెలికలను పట్టుకుని, వాటిని తిప్పుతూ, ఎదురెదురుగా పెడుతూ వాకిలంతా నింపుతారు. చెన్నైలో తాంబరం దగ్గరి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, వారితో పాటు కమలా కృతివాసన్ ఈ ముగ్గులను కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్లారు. వాక్యాలకు వ్యాకరణం ఉన్నట్టే బొమ్మలకూ వ్యాకరణం రాయవచ్చునని, కొద్దిపాటి నియమాలతో ముగ్గులను పుట్టించవచ్చునని 1974లో పరిశోధన పత్రం ప్రచురించారు. ముగ్గు వేయడం వచ్చినవారు ఇంట్లో ఉంటే టైల్స్ దుకాణానికి తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఒక ముక్కను చూసి మొత్తాన్ని ఊహించడం వారికి అలవాటైన విద్య.

ఎలా పేర్చినా తిరిగి తిరిగి వచ్చే డిజైన్ అసలు కుదరని ముక్కలతో నేలను కప్పగలమా అన్న ప్రశ్న గణితవేత్తలను చాలాకాలం వేధించింది. రోజర్ పెన్‌రోజ్ 1970లలో రెండు రకాల ముక్కలతో దాన్ని సాధించాడు. ఒకే రకం ముక్కతో సాధ్యమని 2023లో తేలింది. 13 భుజాల ఆ ఆకారాన్ని కనుగొన్న డేవిడ్ స్మిత్ వృత్తిరీత్యా గణితవేత్త కాదు. దాని నిరూపణలో మరో ముగ్గురు ఆయనతో కలిశారు.

గణితం ఒప్పుకున్న డిజైన్‌ను కన్ను కూడా ఒప్పుకోవాలి. నలుపు తెలుపు గీతలు మరీ దగ్గరగా ఉంటే చాలామందికి కళ్లు లాగినట్టుంటాయి, కొందరికి తలనొప్పి వస్తుంది. బ్రిటన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ విల్కిన్స్ దీన్ని విస్తృతంగా పరిశీలించారు. మన చూపులోని ఒక డిగ్రీలో సుమారు మూడు జతల గీతలు పడితే ఇబ్బంది ఎక్కువ. దీన్ని ఇంటి కొలతల్లోకి మారుద్దాం. నిలబడి పాదాల దగ్గరి నేలను చూస్తే కంటికీ నేలకూ దూరం సుమారు 150 సెంటీమీటర్లు. అక్కడ ఒక డిగ్రీ అంటే 2.6 సెంటీమీటర్లు. అంటే ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిసి 9 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే కంటికి పరీక్షే. నాలుగు మీటర్ల దూరంలోని గోడకైతే ఆ కొలత 2.3 సెంటీమీటర్లు అవుతుంది. సోఫాకు ఎదురుగోడ మీద సన్నటి నలుపు తెలుపు చారలు వేయించాలనుకునేవారు టేపు తీసి కొలుచుకోవాలి.

గ్రౌట్ రంగు చిన్న విషయమనుకుంటాం. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక కాఫీ హోటల్ గోడకు నలుపు తెలుపు టైల్స్‌ను వరుస వరుసకూ కొంచెం జరిపి అతికించారు. సమాంతరంగా ఉన్న అడ్డగీతలు చూసేవారికి ఒకవైపు దగ్గరపడుతూ వాలినట్టు కనిపించేవి. దృష్టి శాస్త్రవేత్త రిచర్డ్ గ్రెగరీ 1979లో దీన్ని వివరించాడు. గ్రౌట్ రంగు నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిద రంగులో ఉన్నప్పుడే ఈ భ్రమ బలంగా ఉంటుంది. ఇలాంటి డిజైన్ నచ్చితే గ్రౌట్‌ను పూర్తి నలుపు గానీ పూర్తి తెలుపు గానీ తీసుకుంటే గీతలు తిన్నగా కనిపిస్తాయి.

మూడు ఛాయల వజ్రాకారపు ముక్కలతో పేర్చిన పెట్టెల్లా కనిపించే డిజైన్ చాలా పాతది, పాంపేయి శిథిలాల్లోనూ ఉంది. గోడకు అద్భుతంగా ఉంటుంది. వయసు పైబడి చూపు మందగించిన అమ్మమ్మ, తాతయ్య తిరిగే నేలకు మాత్రం అది వద్దు. చదునైన చోట వారికి మెట్టు కనిపిస్తే అడుగు తడబడుతుంది.

ఇక పదార్థం సంగతి. చెక్క పలకల్లా కనిపించే పొడవాటి టైల్స్‌ను ఇటుకల వరుసలా సగానికి సగం జరిపి వేయడం ఇప్పుడు ఎక్కువైంది. ఇలాంటి పొడవాటి టైల్స్ బట్టీ వేడికి మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బుతుంటాయి. సగానికి జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని పల్లపు చివర దగ్గరికి వస్తుంది, కాలికి అంచు తగులుతుంది. అందుకే 38 సెంటీమీటర్లకు మించిన టైల్స్‌ను మూడో వంతు కంటే ఎక్కువ జరపవద్దని నిపుణులు చెబుతారు.

ఆత్తంగుడి టైల్స్‌ను వంటింటికి నేను సిఫారసు చేయను. సిమెంటులోని సున్నపు పదార్థాలు ఆమ్లంతో చర్య జరుపుతాయి. చారు ఒలికినా, నిమ్మరసం పడినా వెంటనే తుడవకపోతే ఆ మెరుపు మీద మచ్చ నిలిచిపోతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అయితే మరీ ప్రమాదం. వాటికి వరండా, పూజగది, హాలు సరైన చోట్లు. వంటింటి గోడకు గాజు పూత ఉన్న సిరామిక్ టైల్స్ హాయి. వాటి వెనక వైపు సన్నటి రంధ్రాలు ఎక్కువ, సిమెంటు బాగా పట్టుకుంటుంది. విట్రిఫైడ్ టైల్ అలా కాదు, అది తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చదు. దాన్ని గోడకు వేయాలంటే మామూలు సిమెంటు చాలదు, టైల్ జిగురు తప్పనిసరి. బాత్రూమ్ నేలకు చిన్న టైల్స్ మేలు. గ్రౌట్ గీతలు ఎక్కువ ఉంటే కాలికి పట్టు దొరుకుతుంది, నీరు పోయే వాలుకూ అవి ఇట్టే ఒదుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే ఊళ్లో గుమ్మం లోపలి మొదటి నాలుగడుగులకూ ఇదే వర్తిస్తుంది.

పని మొదలయ్యే ముందు ఒక చిన్న లెక్క వేయండి. గది వెడల్పు 10 అడుగులు, అంటే దాదాపు 305 సెంటీమీటర్లు. టైల్ 60 సెంటీమీటర్లు, సందు 2 మిల్లీమీటర్లు. ఒక గోడ నుంచి మొదలుపెడితే ఐదు టైల్స్ నిండుగా వచ్చి, అవతలి గోడ దగ్గర నాలుగు సెంటీమీటర్ల పేలిక మిగులుతుంది. ఎంత ఖరీదైన డిజైన్ అయినా ఆ పేలిక దగ్గర తెగిపోతుంది. అదే గది మధ్య నుంచి కొలిచి నాలుగు నిండు టైల్స్ వేస్తే రెండు వైపులా 32 సెంటీమీటర్ల చొప్పున సమానమైన ముక్కలు వస్తాయి. టైల్స్ కొన్ని ఎక్కువ పడతాయి. మామూలు వరుసలకు 10 శాతం, ఐమూల వరుసలకు 15 శాతం అదనంగా తీసుకుంటే సరిపోతుంది. డబ్బాలన్నింటి మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా అని లారీ దించేటప్పుడే చూసుకోండి. మిగిలిన వాటిలో ఒక డబ్బాను అటక మీద దాచండి. ఐదేళ్ల తర్వాత ఒక టైల్ పగిలితే అదే షేడ్ దుకాణంలో దొరకడం కష్టం.