అడవి అంచు పిట్టకు ఉచ్చుగా ఎలా మారింది

అడవి అంచు జీవాలకు మంచిదని చాలాకాలం నమ్మారు. అడవీ పొలమూ కలిసే చోట వేట జంతువులు ఎక్కువగా ఉంటాయని అమెరికాలో వన్యప్రాణి నిపుణుడు ఆల్డో లియోపోల్డ్ 1933లోనే రాశాడు. జింకలు, కుందేళ్ల విషయంలో అది నిజమే. దాంతో అక్కడి వన్యప్రాణి విభాగాలు అడవి మధ్యలో కావాలనే ఖాళీలు చేసి అంచులను పెంచాయి. పాడే చిన్న పిట్టల సంగతి అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1978లో గేట్స్, గైసెల్ అనే ఇద్దరు పరిశోధకులు మిషిగన్‌లో గూళ్లను వెతికి లెక్కపెట్టారు. అంచు దగ్గర గూళ్లు దట్టంగా ఉన్నాయి. కానీ అంచుకు దగ్గరయ్యేకొద్దీ ఆ గూళ్లలోంచి ఎగిరిన పిల్లలు తక్కువ. పిట్టకు నచ్చిన చోటే పిల్లలకు చేటయింది. దాన్ని వాళ్లు ఉచ్చు అన్నారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. అప్పటినుంచి పిట్టలు ఎన్ని ఉన్నాయనే కాదు, పిల్లలు ఎన్ని బతికాయని కూడా అడగాల్సి వచ్చింది.

కారణాలు రెండు. రకూన్లు అనే అక్కడి చిన్న అడవి జంతువులు, కాకులు, పెంపుడు పిల్లులు అంచుల వెంట, చిన్న తోపుల్లో సులువుగా తిరుగుతాయి, గుడ్లు తినేస్తాయి. రెండోది కౌబర్డ్. కాకి గూట్లో కోకిలలాగా ఇది కూడా వేరే పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు గడ్డి మైదానాల్లో బైసన్ మందల వెంట తిరిగే పిట్ట ఇది. తూర్పున అడవులు కొట్టి పొలాలు, పశువుల బీళ్లు చేశాక అటు వ్యాపించింది. అక్కడి అడవి పిట్టల్లో చాలావాటికి దాని గుడ్డును గుర్తుపట్టి బయటికి తోసేయడం తెలియదు. సొంత పిల్లలు ఆకలితో ఉంటే పరాయి పిల్లను మేపుతాయి.

1995లో రాబిన్సన్ బృందం మధ్య పశ్చిమ అమెరికాలో తొమ్మిది ప్రాంతాల్లో 5000కు పైగా గూళ్లను పరిశీలించింది. అడవి బాగా ముక్కలైన చోట్ల వుడ్ థ్రష్ అనే అడవి పిట్ట గూళ్లలో చాలావాటిలో కౌబర్డ్ గుడ్లు కనిపించాయి. అక్కడ పుట్టే పిల్లలు చనిపోయే పెద్దవాటి లోటును పూడ్చలేవు. అయినా ఏటా ఆ తోపుల్లో పిట్టలు కనిపిస్తూనే ఉంటాయి. మిస్సోరీలోని ఓజార్క్ లాంటి పెద్ద అడవుల్లో పుట్టినవి వచ్చి ఆ ఖాళీలను నింపుతుంటాయని ఆ బృందం భావించింది.

అందుకే పిట్టల పాట విని అడవి బాగోగులు చెప్పేయడం నాకు భయంగా అనిపిస్తుంది. నేలమీద గూడు కట్టే ఓవెన్‌బర్డ్‌నే చూడండి. చిన్న అడవి ముక్కల్లో చాలా మగ పిట్టలకు జత దొరకదు. జత దొరకని మగ పిట్టే ఎక్కువగా పాడుతుంది.