చిన్న విమానం, పెద్ద నీళ్లు

బరంపురం మీదుగా భువనేశ్వర్ వెళ్లే రైలు చిలికా ఒడ్డును అందుకునే చోట రంభ ఉంది. శీతాకాలంలో తెల్లవారుజామున ఆ రేవులో నిలబడితే నీరు ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో కంటికి అందదు. రెండూ ఒకే బూడిద రంగు. ఈ సరస్సు మీద సీప్లేన్లు దించాలన్న ప్రతిపాదన, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వపు ఉడాన్ పథకంలో ఉంది. ఆ సంగతి ఎత్తితే, పడవ నడిపే ఒక తెలుగు పెద్దాయన నవ్వి, “మంచు పట్టిన పొద్దున మేం గెడ దింపి లోతు చూసుకుంటూ పోతాం బాబూ. విమానానికి గెడ ఎక్కడిది?” అన్నారు.

సరైన ప్రశ్నే. గాలి లేని వేళ నీరు అద్దంలా పరుచుకుంటే, దాని ఉపరితలం ఎంత కింద ఉందో పై నుంచి చెప్పడం మనిషి కంటికి దాదాపు అసాధ్యం. అలలు, నురగ, చెత్త, ఏదో ఒక గుర్తు ఉంటే తప్ప దూరం తెలియదు. ఇంకా పది మీటర్లు ఉందనుకుని విమానం ముక్కు దించేవాళ్లు ఉన్నారు, నీటిని తాకేశామనుకుని గాలిలోనే వేగం చంపేసుకునేవాళ్లూ ఉన్నారు. సీప్లేన్ పైలట్లకు దీనికి ప్రత్యేక శిక్షణ ఇస్తారు. కంటిని నమ్మవద్దు, ముక్కు కొద్దిగా ఎత్తి పట్టుకో, నిమిషానికి నూటయాభై అడుగుల చొప్పున మెల్లగా దిగుతూ ఉండు, నీరే వచ్చి తాకే దాకా ఆగు అంటారు. వీలైతే ఒడ్డుకు దగ్గరగా దిగమంటారు, చెట్లు, రాళ్లు ఎత్తు చెబుతాయి కాబట్టి. చిలికాలో మరో చిక్కు కూడా ఉంది. పర్యాటకులు వచ్చే శీతాకాలంలోనే పొగమంచు పడుతుంది, లక్షలాది వలస పక్షులు సరస్సులోని నలబాణ దీవి చుట్టూ దిగుతాయి. చిన్న విమానం ముందు అద్దానికి ఒక్క బాతు తగిలినా చాలు.

చిన్న విమానాల దర్యాప్తు నివేదికలు చదివేకొద్దీ నాకొక అభిప్రాయం స్థిరపడింది. నీరు తనంతట తాను ప్రమాదాన్ని పుట్టించడం అరుదు. నేల మీద అయితే ఏదో ఒక పొలంలో దిగి సర్దుకోగలిగిన లోపానికి, దీవుల మధ్య ఆ వ్యవధి ఉండదు. కన్ను, ఎత్తు, దిగే చోటు, చివరికి సాక్ష్యం, వీటన్నిటినీ నీరు ఒక్కొక్కటిగా లాగేసుకుంటుంది.

ముందు కన్ను సంగతి. 1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు జాన్ కెనెడీ జూనియర్ తన పైపర్ సారటోగా విమానంలో భార్యను, ఆమె సోదరిని ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి మార్తాస్ వినియార్డ్ దీవి వైపు బయల్దేరారు. ఆయనకు మొత్తం సుమారు 310 గంటల అనుభవం. కేవలం పరికరాలను చూసి నడిపే అర్హత లేదు. తుఫాను లేదు, ఇంజిన్ ఆగలేదు. పలచటి మసక, చీకటి, కింద నల్లటి సముద్రం, అంతే. దీవి దగ్గర పడుతుండగా విమానం మెలి తిరుగుతూ నీళ్లలోకి దూసుకుపోయింది. ముగ్గురూ చనిపోయారు. రాత్రి వేళ నీటి మీదుగా ఎత్తు తగ్గించుకుంటూ వస్తుండగా పైలట్ దిగ్భ్రమకు లోనై అదుపు కోల్పోయారని దర్యాప్తు తేల్చింది.

ఇది భయంతోనో అజాగ్రత్తతోనో వచ్చే భ్రమ కాదు, శరీర నిర్మాణంలోనే ఉంది. లోపలి చెవిలో అర్ధవృత్తాకార కుల్యలని మూడు ఉంటాయి, వాటి నిండా ద్రవం. నీళ్లున్న కుండను తిప్పడం మొదలుపెడితే ముందు కుండ తిరుగుతుంది, నీరు వెనకబడుతుంది. కాసేపటికి నీరు కూడా కుండతో సమానంగా తిరుగుతుంది. చెవికి తెలిసేది ఆ తేడా ఒక్కటే. విమానం ఒకే తీరున ఇరవై సెకన్లు మలుపు తిరిగితే తేడా పోతుంది, తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. మలుపు నుంచి సరిచేస్తే ఎదురు వైపు వాలిపోతున్నట్టు అనిపిస్తుంది. దాంతో పైలట్ మళ్లీ పాత మలుపులోకే విమానాన్ని దించుతాడు. పగటి పూట క్షితిజ రేఖ కనిపిస్తే కన్ను చెవిని గద్దిస్తుంది. రాత్రి ఊళ్ల మీద పోతుంటే దీపాలు ఆ పని చేస్తాయి. సముద్రం మీద దీపాలుండవు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1954లో 20 మంది విద్యార్థి పైలట్లకు బయటి చూపు కనపడకుండా చేసి పరీక్షించారు. అందరూ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు.

ఇక ఎత్తు. దగ్గరి దీవికి పోయే విమానం గురించి ప్రయాణికులకు ఉండే ధీమా నాకు వింతగా తోస్తుంది. “ఏడు నిమిషాల ప్రయాణమేగా” అంటారు. ఆ ఏడు నిమిషాల వల్లే విమానం పెద్ద ఎత్తుకు పోదు. ఒంటి ఇంజిన్ చిన్న విమానం, ఇంజిన్ ఆగిపోయాక, ఒక మీటరు కిందికి జారేలోపు సుమారు తొమ్మిది మీటర్లు ముందుకు పోగలదు. 1,500 మీటర్ల ఎత్తున ఉంటే పదమూడు కిలోమీటర్ల దూరంలోని తీరాన్ని అందుకోవచ్చు. 300 మీటర్ల ఎత్తున ఉంటే మూడు కిలోమీటర్లు కూడా రావు, చేతిలో ఉండేది నిమిషంన్నర లోపే.

హవాయిలోని మొలొకాయ్ దీవిలో 2013 డిసెంబరు 11న జరిగింది ఇదే. కలావుపాపా రన్‌వే నుంచి లేచిన సెస్నా కారవాన్ ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడు విరిగింది. పైలట్ నీటి మీద దించారు. విమానంలో ఉన్న తొమ్మిది మందీ బయటికి రాగలిగారు. ఒకరు ఈదుకుంటూ ఒడ్డు చేరారు, మిగతావారు రక్షణ దళం వచ్చే దాకా నీళ్లలో తేలుతూ గడిపారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ అధిపతిగా ఉన్న మహిళ మాత్రం గుండె లయ తప్పి మరణించారు. భువనేశ్వర్ నుంచి జయపురానికి 2022లో మొదలైన తొమ్మిది సీట్ల విమానాలు కూడా ఈ కారవాన్ కుటుంబానివే. అనవసరంగా భయపడవద్దు. ప్రపంచమంతటా మట్టి రన్‌వేల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న రకమిది. కోరాపుట్ కొండల్లో దానికి ఉన్న కష్టాలు వేరు, దీవుల మధ్య ఉన్నవి వేరు.

ఆ కష్టాల్లో ఉప్పు గాలి ఒకటి. సముద్రపు తేమ అల్యూమినియాన్ని, ఉక్కు తీగను లోపలి నుంచి తినేస్తుంది. అందుకే తీర ప్రాంతాల్లో రోజూ ఇంజిన్ లోపలికి మంచినీళ్లు పంపి కడుగుతారు. పైగా దీవుల మధ్య తిరిగే విమానం రోజుకు పది, పదిహేను సార్లు ఎక్కి దిగుతుంది. లోహానికి లెక్క కిలోమీటర్లలో ఉండదు, ఎన్నిసార్లు వంగి నిటారయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1947లో తయారైన గ్రమ్మన్ మల్లార్డ్ ఒకటి 2005 డిసెంబరు 19న మయామీ నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి లేచిన కొద్దిసేపటికే కుడి రెక్క ఊడిపోయి నీళ్లలో పడింది. ఇరవై మంది చనిపోయారు. రెక్క మూలంలో లోహపు అలసట వల్ల పగుళ్లు పుట్టాయి. అంతకుముందు చేసిన మరమ్మతులు వాటిని ఆపలేదు. 2007 ఆగస్టు 9న ఫ్రెంచి పాలినీషియాలోని మోరియా దీవి నుంచి తాహితీకి లేచిన ట్విన్ ఆటర్‌ది మరీ ఘోరం. అరిగిన ఒక ఉక్కు కేబులు, రెక్కల వెనక అంచున కిందికి వాలే ఫ్లాపులనే పలకలను లోపలికి తీసుకునే క్షణంలో తెగింది. విమానం ముక్కును పైకెత్తే కేబులు అది. అప్పటికి విమానం వంద మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. ఇరవై మందిలో ఎవరూ మిగల్లేదు. తాహితీలో నిలిపి ఉంచినప్పుడు పెద్ద జెట్ ఇంజిన్ల వేడి గాలి తోకను ఊపేయడం కూడా ఆ కేబులును బలహీనపరిచి ఉండవచ్చని దర్యాప్తు అధికారులు భావించారు.

కనిపించని వాయువు మరో శత్రువు. 2019 జనవరి 21న ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణిస్తున్న పైపర్ మాలిబు, ఇంగ్లిష్ చానల్‌లోని గెర్న్సీ దీవికి ఉత్తరాన కూలింది. సాలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ 58 శాతం. ఇంజిన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ గొట్టం నుంచి కేబిన్‌లోకి చేరిన వాయువు అది. పైలట్ కూడా అదే గాలి పీల్చి ఉంటారు. సిడ్నీకి ఉత్తరాన హాక్స్‌బరీ నదిలో 2017 డిసెంబరు 31న ఆరుగురిని బలిగొన్న బీవర్ సీప్లేన్ విషయంలోనూ పైలట్‌కు ఇదే వాయువు సోకిందని తేలింది. ఎగ్జాస్ట్‌లో పగుళ్లు ఉన్నాయి, ఇంజిన్‌కూ కేబిన్‌కూ మధ్య అడ్డు పలకలకు ఉండాల్సిన బోల్టులు కొన్ని లేవు. కొన్ని వందల రూపాయలకు దొరికే రంగు మారే సూచిక ఒకటి అద్దం పక్కన అంటించి ఉంటే చాలదా అనిపిస్తుంది. కానీ పైలట్ అటు చూడకపోవచ్చు కనుక, మోగే పరికరం పెట్టాలని నిపుణులంటారు. నాదీ అదే పక్షం.

గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కు అందించే కార్బ్యురేటర్‌లో మంచు కట్టడం తీర ప్రాంతంవారికి ఇంకా నమ్మశక్యం కాదు. గోపాలపురం తీరంలో మనిషికి చెమటలు కారే వాతావరణంలో కూడా ఇంజిన్‌లో మంచు పేరుకోగలదు. గాలి సన్నని గొట్టంలో విస్తరించి, పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేసుకోవడంతో అక్కడ ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు మించి పడిపోవచ్చు. గాలిలో తేమ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచు. ఇంజిన్ శక్తి మెల్లగా తగ్గుతుంది, చివరికి దగ్గి ఆగిపోతుంది. వేడి గాలిని మళ్లించే పిడి లాగితే సరిపోతుంది, గుర్తొస్తే.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఊహకు అందేదే. 2001 ఆగస్టు 25న బహామాస్‌లోని అబాకో దీవి నుంచి లేచిన సెస్నా 402లో గాయని ఆలియాతో సహా తొమ్మిది మంది ఉన్నారు. దానిపై అనుమతికి మించి 300 కిలోల పైచిలుకు బరువు ఉంది, బరువంతా కేంద్రీకృతమయ్యే బిందువు, గరిమనాభి కూడా వెనక్కి జరిగింది. రన్‌వే దాటగానే కూలింది. తొమ్మిది సీట్ల విమానంలో ప్రయాణికుడిని కూడా కాటా మీద నిలబెట్టి, సీటు మార్చమంటే విసుక్కునేవారుంటారు. బరంపురం పట్టుచీరలు, అప్పడాల మూటలతో వచ్చే మనవాళ్లు ఆ కాటా మనిషితో పోట్లాడకుండా ఉంటే నాకు సంతోషం.

దించాక కూడా కథ ముగియదు. నీటి సాంద్రత గాలి కంటే ఎనిమిది వందల రెట్లు ఎక్కువ. చక్రాలు కిందికి ఉన్న విమానం నీటిని తాకి తలకిందులు కావడం మామూలే. అందువల్ల అలలకు అడ్డంగా కాక, వాటి వరసకు సమాంతరంగా దింపుతారు. లైఫ్ జాకెట్‌ను లోపల ఉండగానే ఊదితే, నీరు నిండుతున్న కేబిన్‌లో అది మనిషిని కప్పుకు అదిమేస్తుంది. 1996 నవంబరు 23న కొమొరో దీవుల దగ్గర దిగిన ఇథియోపియా విమానం చిన్నది కాదు, బోయింగ్ 767. దానిలో 175 మందికి 125 మంది పోయారు. వారిలో చాలామంది ముందే జాకెట్లు ఊదుకున్నవారే. దీనికి భిన్నంగా 2009 నవంబరు 18 రాత్రి నార్ఫోక్ దీవి దగ్గర కడలిలో దిగిన వెస్ట్‌విండ్ జెట్‌లో ఆరుగురూ బతికారు. సమోవా నుంచి రోగిని తీసుకొస్తూ, ట్యాంకులు నిండుగా నింపకుండా బయల్దేరారు. దీవి మీద మబ్బు కమ్మి రన్‌వే కనిపించలేదు, ఇంకెక్కడికీ పోయేందుకు ఇంధనం లేదు. విమానాశ్రయంలో పనిచేసే ఒక అగ్నిమాపక సిబ్బంది, ఒడ్డు నుంచి నీళ్లలో మిణుకుమంటున్న వెలుగును గమనించాడు. అది పైలట్ చేతి టార్చి.

సాక్ష్యాన్ని కూడా నీరు దాచేస్తుంది. 1937 జూలై 2న అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్హార్ట్ న్యూగినీలోని లే నుంచి బయల్దేరి, రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న హౌలాండ్ దీవిని వెతుక్కుంటూ మాయమైంది. ఏం జరిగిందో నేటికీ వాదనే. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు లేచిన వైమానిక దళపు ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఆ రవాణా విమానం జాడ 2024 జనవరిలో గాని దొరకలేదు, అది కూడా 3,400 మీటర్ల లోతున, మనుషుల్లేని జలాంతర్గామి తీసిన చిత్రాల్లో.

లోతు తక్కువైతే లెక్క మారుతుంది. 2022 సెప్టెంబరు 4న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడ్‌బీ దీవి ఒడ్డున, 1967లో తయారైన ఆటర్ సీప్లేన్ కూలి పది మంది చనిపోయారు. చూసినవారు ముక్కు నేరుగా కిందికి ఉందన్నారు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయారు. శకలాలను అడుగు నుంచి పైకి తీశాక, తోకను సర్దే యంత్రంలో ఒక నట్టు తన మర నుంచి ఊడి విడిపోయిందని తేలింది. ఆ నట్టు తిరగకుండా పట్టి ఉంచాల్సిన సన్నని తీగ రింగు కనిపించలేదు. అక్టోబరు ముగిసేలోగా అమెరికా రవాణా భద్రతా మండలి, ఈ రకం విమానాలన్నిటి తోకలో ఆ రింగు ఉందో లేదో వెంటనే చూడాలని సిఫారసు చేసింది.