మీసాల చేప మీద భూకంపం నింద

2002లో జపాన్‌లో విడుదలైన పోకెమాన్ రూబీ, సఫైర్ గేముల్లో విస్‌క్యాష్ అని ఒక జీవి ఉంది. నీలం రంగు, బూరెలా ఉబ్బిన ఒళ్లు, పొడుగాటి మీసాలు. ఎత్తు 90 సెంటీమీటర్లే. కానీ పెద్ద చెరువంతా తనదే అంటుంది. ఎవరైనా అటు వస్తే ఒళ్లు విదిల్చి భూమిని కదిలిస్తుంది. నిజం భూకంపాలను ముందే పసిగడుతుందని కూడా గేములో రాసి ఉంటుంది.

చేపకూ భూకంపానికీ ఏం సంబంధమని జపాన్ పిల్లలకు డౌటు రాదు. అక్కడ ఈ జీవి పేరు నమాజున్. నమాజు అంటే మీసాల చేప. మన వాలుగ కూడా ఆ చేపల కుటుంబంలోదే.

ఆదిశేషుడు తల కదిపితే భూకంపం వస్తుందని మన పెద్దలు చెప్పినట్టే, జపాన్‌లో నేల కింద ఒక మహా నమాజు ఉందని నమ్మేవారు. కషిమా దేవుడు దాని తల మీద బండరాయి పెట్టి అదిమి ఉంచుతాడట. ఇబరాకిలోని కషిమా గుడిలో ఆ రాయిని ఇప్పటికీ చూపిస్తారు. పైకి కనిపించేది కాస్తంతే, మిగతాదంతా భూమిలోనే ఉందంటారు.

1855 నవంబరులో ఎడో నగరాన్ని, అంటే ఇప్పటి టోక్యోను, పెద్ద భూకంపం కుదిపేసింది. వాళ్ల పాత క్యాలెండర్లో అది పదో నెల. దేవుళ్లంతా ఇజుమోలో సమావేశానికి వెళ్లే నెల. కాపలా దేవుడు ఊళ్లో లేడు, చేప చెలరేగింది! ఆ తర్వాత నమాజు బొమ్మల అచ్చులు వందల రకాలు వచ్చాయి. కొన్నిట్లో జనం చేపను చితకబాదుతుంటారు. కొన్నిట్లో వడ్రంగులు దాన్ని వెనకేసుకొస్తారు. కూలిన ఇళ్లన్నీ మళ్లీ కట్టాలి కదా, వాళ్లకు చేతినిండా పని. ఇంకొన్నిట్లో ధనవంతుల చేత బంగారు నాణేలు కక్కిస్తుంది. నాకు గేములో బొమ్మకన్నా ఈ బొమ్మలే ఎక్కువ నచ్చుతాయి.

ఈ నింద చేప మీదికే రావడానికి దాని ఒంట్లోనే కొంత కారణం ఉందనిపిస్తుంది. బురద నీళ్లలో, రాత్రిపూట తిరిగే చేపకు కళ్లతో పెద్దగా పని జరగదు. మీసాలతో రుచి చూస్తూ వెతుక్కుంటుంది. గాలితిత్తికి తగిలిన కదలికను చిన్న ఎముకల గొలుసు లోపలి చెవికి చేరవేస్తుంది. చర్మంలోని సన్నటి గుంటలు, దగ్గర్లో దాక్కున్న పురుగు ఒంట్లో పుట్టే అతి బలహీనమైన విద్యుత్తును కూడా పట్టేస్తాయి.

ఈ చేప భూకంపాన్ని ముందే పసిగడుతుందా అని 1930లలో హతాయి షింకిచి అనే శాస్త్రవేత్త పరీక్షించాడు. తొట్టి ఉన్న బల్లను వేలితో తట్టి చూసేవాడు. భూకంపానికి కొన్ని గంటల ముందు చేప మామూలుకన్నా ఎక్కువగా ఉలిక్కిపడేదని, నేలలోని విద్యుత్తు మార్పులే కారణం కావచ్చని రాశాడు. కానీ నమ్మదగ్గ హెచ్చరిక పద్ధతి ఏదీ ఇందులోంచి రాలేదు. ఏటా మనుషులకు తెలిసేలా వెయ్యికి పైగా భూకంపాలు వచ్చే దేశంలో, చేప ఎప్పుడు ఎగిరిపడినా ఆ వెనకే ఏదో ఒకటి వస్తుంది. ఎగిరిపడి ఏమీ రాని రోజులు ఎవరికి గుర్తుంటాయి?

గేములో ఒక తమాషా ఉంది. విస్‌క్యాష్ నీటి జీవే కాదు, నేల జీవి కూడా. అక్కడి రూల్ ప్రకారం నేల జీవుల మీద కరెంటు దెబ్బ పనిచేయదు. అసలు చేప విద్యుత్తును వాసన పట్టినట్టు పడుతుంది, గేము చేపకు అది తగిలినట్టే తెలియదు!

టోక్యో రోడ్ల పక్కన కొన్ని బోర్డులుంటాయి. పెద్ద భూకంపం వస్తే ఈ దారిలోకి మామూలు బళ్లు రాకూడదని వాటి అర్థం. వాటి మీద ఉండే బొమ్మ నమాజుదే.