ట్యూనర్ పచ్చగా వెలుగుతున్నా బి తీగ గరగర ఎందుకు?

మా మేనల్లుడు మొన్న ఆదివారం గిటార్ భుజానేసుకుని వచ్చాడు. "మామయ్యా, ఒకటి అడుగుతా, నవ్వకూడదు" అన్నాడు. ఎవరో చెప్పగా విని గిటార్‌ని ఓపెన్ జి లో పెట్టాడట. అంటే లావు తీగ నుంచి వరసగా డి, జి, డి, జి, బి, డి. మన లెక్కలో జి ని సా అనుకుంటే ప స ప స గ ప. క్లిప్ ట్యూనర్ తగిలించి ఆరు తీగలకీ పచ్చలైటు వెలిగేదాకా బిరడాలు తిప్పాడు. అన్నీ కలిపి మీటితే గంభీరంగానే ఉంది గానీ, బి తీగ చేరేసరికి ఏదో గరగర. తీగ పాతబడిందా, ట్యూనర్ పోయిందా అని వాడి అనుమానం.

రెండూ కాదు, వాడి చెవి బాగుంది, అంతే.

తీగ ఎందుకు మోగుతుందో మొదటినుంచి చెప్పను. అదంతా ఇంటర్ ఫిజిక్స్‌లో "సాగదీసిన తీగలలో తిర్యక్ కంపనాల నియమాలు" అని బట్టీ పట్టిన వ్యవహారమే. సోనోమీటర్ ముందు నిలబడి ఆ సూత్రం రాసినవాళ్ళలో ఎంతమందికి అది గిటార్ గురించేనని ఎవరైనా చెప్పారో నాకు అనుమానమే, నాకైతే చెప్పలేదు. ఇక్కడ కావలసింది ఒక్కటే: ఏ తీగా ఒక్క స్వరం పలకదు. ఓపెన్ జి లో ఐదో తీగ (సన్నది ఒకటోది, లావుది ఆరోది) 98 హెర్ట్జ్ అంటాం గానీ అది 98తో పాటు 196, 294, 392, 490 కూడా పలుకుతుంది. ఇవే అనుస్వరాలు, 98నే మొదటిదిగా లెక్కపెడతాం. నాకు తెలిసి గిటార్ ట్యూనింగ్‌ల కథంతా ఏ తీగ అనుస్వరం ఏ తీగ అనుస్వరంతో కలుస్తుంది, ఎక్కడ కొట్టుకుంటుంది అన్నదే.

లెక్క చూద్దాం. ఐదో తీగ మూడో అనుస్వరం 294. మొదటి తీగ డి 293.7. తేడా హెర్ట్జ్‌లో మూడో వంతు, అంటే మూడు సెకన్లకోసారి శబ్దం మెల్లగా ఉబ్బి తగ్గుతుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. ఇప్పుడు ఐదో అనుస్వరం, 490. ట్యూనర్ మెచ్చుకున్న బి తీగ 246.9, దాని రెట్టింపు 493.9. తేడా దాదాపు నాలుగు. పక్కనున్న మూడో తీగ జి (196) తో ఇంకా ఘోరం: 196కి ఐదింతలు 980, బి కి నాలుగింతలు 987.8. సెకనుకి ఎనిమిది సార్లు హెచ్చుతగ్గులు. పాఠ్యపుస్తకంలో విస్పందనాలు అని చదివిన ఆ గరగర ఇదే.

తప్పు మెట్లది, అంటే ఫ్రెట్లది. గిటార్ మీద స్థాయిని (స నుంచి పై స దాకా) పన్నెండు సమాన భాగాలు చేశారు, ఒక్కో ఫ్రెట్‌కి 1.0595 రెట్లు. నాలుగు ఫ్రెట్లు దాటితే 1.26. కానీ అనుస్వరాలు కలవాలంటే స నుంచి గ కి సరిగ్గా 1.25 ఉండాలి. పంచమం దగ్గర ఈ మోసం దాదాపు కనబడదు (1.498, కావలసింది 1.5), గాంధారం దగ్గర పట్టుబడిపోతుంది. ట్యూనర్‌కి ఆ సమాన భాగాల లెక్క తప్ప ఇంకేం తెలియదు పాపం.

తంబూరాలో ఏ తీగనీ గాంధారానికి శ్రుతి చేయరు, అయినా బాగా శ్రుతి కలిస్తే గాంధారం దానంతటదే వినిపిస్తుంది. సంగీతం మాస్టార్లు స్వయంభు గాంధారం అంటారు. మంద్ర సా తీగ ఐదో అనుస్వరమే అది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాట నేర్పించడానికి తంబూరా ముందు కూర్చోబెట్టిన పిల్లవాడికి 1.26 తేడాగా వినబడటంలో నాకైతే వింతేమీ కనబడలేదు.

ట్యూనర్ తీసి జేబులో పెట్టుకోమన్నాను. జి, బి రెండూ కలిపి మీటుతూ బి ని కొంచెం కొంచెంగా వదులు చేయించాను. గరగర కాస్తా వణుకైంది, వణుకు ఊగిసలాటైంది, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. 245 హెర్ట్జ్. రెండు తీగలు ఒకటే అయినట్టు. వాడు తల ఊపి, వెంటనే ట్యూనర్ తగిలించి చూశాడు: ఎర్రలైటు, 14 సెంట్లు (సెంటంటే ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు) తక్కువ!

సందర్భం వచ్చింది కాబట్టి 432 హెర్ట్జ్ సంగతి. 'ఏ' (A) స్వరాన్ని 440 బదులు 432కి దించితే రోగాలు తగ్గుతాయని, విశ్వంతో కలిసిపోతామని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. అన్ని తీగలూ ఒకే నిష్పత్తిలో దిగితే సెకనుకి 7.8 విస్పందనాలు 7.6 అవుతాయి. గరగర గరగరే. మన గాయకులు ఒకరు ఒకటిన్నర శ్రుతికీ ఒకరు ఐదు శ్రుతికీ పాడుతూనే ఉన్నారు, విశ్వం ఎవరినీ వెలివేసినట్టు లేదు.

మరి ఎప్పుడూ 245లోనే ఉంచేస్తే? ఐదో ఫ్రెట్ మీద వేలు అడ్డంగా పరిచి అన్ని తీగలూ నొక్కితే అన్నీ ఒకే రెట్టు పెరుగుతాయి, 1.25 చెక్కుచెదరదు. కడ్డీతో జార్చి వాయించేవాళ్ళకి ఓపెన్ ట్యూనింగ్ అంత కలిసిరావడానికి ఇదో కారణం. కానీ వేళ్ళు వేరువేరు ఫ్రెట్ల మీద పడ్డాయా, అయిపోయింది. బి తీగని మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే సి రావాలి, 261.6. వచ్చేది 259.6. ఇంకో తీగ మీది సి తో కలిపి మీటండి, సెకనుకి రెండు విస్పందనాలు. ఒకచోట తీర్చిన అప్పు ఇంకోచోట వడ్డీతో లేస్తుంది.

అందుకే నాకు డి ఏ డి జి ఏ డి ట్యూనింగ్ అంటే పిచ్చి. 1960ల మొదట్లో డేవీ గ్రాహం అనే ఇంగ్లీషు గిటారిస్టు మొరాకో వెళ్ళి, అక్కడి ఊద్ (అరబ్బుల తీగవాద్యం) వాద్యకారులతో కలిసి వాయించడానికి దీన్ని పట్టుకున్నాడు. డి ని సా అనుకుని చూడండి: స ప స మ ప స. గాంధారమే లేదు! గొడవపడే తీగనే తీసేశాడు. ఆరో తీగ మూడో అనుస్వరం 220.2, ఐదో తీగ రెండోది 220.0, నాలుగు సెకన్లకోసారి మాత్రమే కదలిక. మనవాళ్ళు వయొలిన్ మీద పాశ్చాత్యుల జి డి ఏ ఈ వదిలేసి స ప స ప పెట్టుకున్నదీ ఇలాంటి పనే.

మామూలు ట్యూనింగ్ (ఈ ఏ డి జి బి ఈ) నుంచి దీనికి మూడు తీగలే దించాలి, ఆరు, రెండు, ఒకటి. దించడమే మేలు, ఎందుకంటే టెన్షన్ పౌనఃపున్యం వర్గంతో మారుతుంది. 0.012 అంగుళాల మొదటి తీగ 'ఈ' (E) స్వరంలో ఉన్నప్పుడు దాని మీద దాదాపు 10.6 కిలోల బరువు వేలాడుతున్నట్టు లెక్క. డి కి దింపితే 8.4 కిలోలు చాలు. అదే రెండు ఫ్రెట్లంత పైకి లాగితే 13 కిలోలు దాటుతుంది. కొత్తలో ఓపెన్ ఏ కోసం అలా లాగి మూడో తీగ పుటుక్కుమని తెంపుకున్నాను, చెంప మీద చార వారం ఉంది. లావు తీగ వేస్తే ఆగుతుందనుకోకండి: లావుతో పాటు బరువూ పెరుగుతుంది కాబట్టి, ఒకే పొడవు, ఒకే లోహం అయితే సన్నదైనా లావుదైనా తెగే స్వరం ఒక్కటే. ఇంకో సంగతి, మూడు తీగలు వదులైతే మెడ మీద లాగుడు తగ్గి మిగతా మూడూ కాస్త పైకి జరుగుతాయి. రెండో చుట్టు శ్రుతి చేసుకోక తప్పదు.

వాడు నమ్మడానికి చివర్లో బస్ టికెట్ చింపి చిన్న ముక్కని వి ఆకారంలో మడిచి మొదటి తీగ మీద, పన్నెండో ఫ్రెట్ దగ్గర కూర్చోబెట్టాం. మామూలు ట్యూనింగ్‌లో నాలుగో తీగ మీటాడు. ముక్క కదల్లేదు. మొదటి తీగని డి కి దించి మళ్ళీ మీటాడు, దాన్ని ముట్టుకోకుండానే. ముక్క ఎగిరి తిన్నగా గిటార్ బొక్కలో పడింది. బోర్లించి ఎంత దులిపినా రాలేదు, ఇప్పుడు ఏం వాయించినా లోపల జుయ్యిమంటోందని నిన్న ఫోన్ చేశాడు.